ఆ ఒక్క రికార్డు తప్ప ఇంకేదీ చెవికెక్కడం లేదు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కాకినాడ. ఉద్యోగం వల్ల నాలుగేళ్లుగా జర్మనీలో, మ్యూనిక్‌లో ఉంటున్నాం. చిన్నప్పటి నుంచి సినిమా పాటలు తప్ప వేరే సంగీతం ఎరగను. రెండేళ్ల కిందట మా ఆఫీసులో ఒక పెద్దాయన బీథోవెన్ ఐదో సింఫనీ (ఆర్కెస్ట్రా అనే పెద్ద వాద్యబృందం కోసం రాసిన నాలుగు భాగాల రచన) వినమని చెప్పి, కార్లోస్ క్లైబర్ అనే కండక్టర్ (ఆ బృందాన్ని నడిపించే వ్యక్తి) వియన్నా ఫిల్హార్మోనిక్‌తో చేసిన రికార్డింగ్ పంపారు. ఆ సాయంత్రం రైల్లో ఇంటికి వస్తూ విన్నాను. దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. అప్పటి నుంచి వారానికి నాలుగైదు సార్లు వింటూనే ఉన్నాను. ఇప్పుడు సమస్య ఏమిటంటే, ఆ సింఫనీని ఇంకెవరు వాయించినా నాకు తప్పుగానే వినిపిస్తోంది. ఒకరిది నిదానం, ఒకరిది మరీ పరుగు. పోయిన నెల నేనూ మా ఆవిడా ఇక్కడే ఒక కచేరీకి వెళ్లాం. అదే సింఫనీ. తను ఎంతో సంతోషంగా వింది. నేను మాత్రం మొదటి నిమిషం నుంచే ముడుచుకుని కూర్చున్నాను. ఇంటికొస్తుంటే తను, ‘నువ్వు సంగీతం వినడానికి రాలేదు, తేడాలు లెక్కపెట్టడానికి వచ్చావు’ అంది. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు. రికార్డింగ్ పంపిన ఆ పెద్దాయనే ఇప్పుడు, ‘అది కొత్తగా వినేవాళ్లందరూ పడిపోయే రికార్డు, పేరు పెద్దది, నువ్వు దాన్ని దాటి రావాలి’ అంటున్నారు. నాకు స్వరాలు తెలియవు, నొటేషన్ చదవలేను. నా చెవిలోనే ఏదైనా లోపముందా? ఈ రికార్డింగ్ వినడం మానేయాలా?

జవాబు:

తమ్ముడూ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నీ చెవిలో ఏ లోపమూ లేదు. ఆ రికార్డింగ్‌ని మానేయాల్సిన అవసరం అసలే లేదు. అయితే మరదలు అన్న మాట మాత్రం నిజం. ఆ రాత్రి నీ ఫోన్లో ఉన్నదే హాల్లోనూ వినిపించాలని కోరుకుంటూ వెళ్లావు. అక్కడ వాయిస్తున్నవాళ్లకు ఆ సంగతి తెలియదు కదా. వాళ్ల సింఫనీ వాళ్లు వాయించుకుపోయారు.

ఇది నాకూ జరిగింది. నేను ఈ సింఫనీని మొదట విన్నది ఒక కాపీ కేసెట్‌లో. స్నేహితురాలు ఇచ్చింది. దాని మీద పెన్సిల్‌తో ‘బీథోవెన్ 5’ అని తప్ప ఏమీ లేదు, ఎవరు వాయించారో రాసి లేదు. రికార్డు చేసినవాళ్లు మీట ఒక క్షణం ఆలస్యంగా నొక్కినట్టున్నారు, లోకమంతటికీ తెలిసిన మొదటి మూడు స్వరాలు అందులో పడలేదు. పొడుగ్గా లాగిన నాలుగో స్వరంతోనే నా సింఫనీ మొదలయ్యేది. రెండేళ్లు అలాగే విన్నాను. తర్వాత రేడియోలో అసలు మొదలు విన్నప్పుడు, ముందు ఏదో అనవసరంగా అతికించినట్టు అనిపించింది. బీథోవెన్ రాసిందే నాకు తప్పుగా వినిపించింది! చెవి మొదట విన్నదాన్నే అసలుగా పెట్టేసుకుంటుంది. నీ చెవి పెట్టుకున్నది నా కేసెట్ కంటే లక్ష రెట్లు మంచిది, అదే నీ అదృష్టం.

అయినా ‘అసలు’ ఎక్కడుంది? ఈ సింఫనీని మొట్టమొదట జనం విన్నది 1808 డిసెంబర్ 22న, వియన్నాలోని థియేటర్ ఆన్ డెర్ వీన్‌లో. ఆ రాత్రి కార్యక్రమం దాదాపు నాలుగు గంటలు. ఐదో సింఫనీ, ఆరో సింఫనీ, నాలుగో పియానో కన్చెర్టో (పియానో ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన), ఇంకా ఎన్నో. హాలు గడ్డకట్టే చలి. రిహార్సల్స్ సరిగా జరగలేదు. చివర్లో, పియానో, గాయకులు, ఆర్కెస్ట్రా కలిసే కోరల్ ఫాంటసీ అనే రచన మధ్యలో ఆర్కెస్ట్రా గతి తప్పితే, ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. బీథోవెన్ స్వయంగా అక్కడే ఉన్నాడు. ఈ రచనకు మొదటి రూపం అదే అనుకుంటే, అలసిపోయిన ఆర్కెస్ట్రా, వణుకుతున్న శ్రోతలు. అలాంటిది ఇంతదాకా వచ్చిందంటే, తరతరాలుగా ఎవరో ఒకరు ఆ కాగితాల్ని మళ్లీ తీసి, ఇది ఎలా మోగాలో తమంతట తాము తేల్చుకుంటూ ఉన్నారు కాబట్టి. క్లైబర్ అలా తేల్చుకున్నవాళ్లలో ఒకడు.

నువ్వు ప్రేమిస్తున్న ఆ నిర్ణయాలు ఏమిటో ఒకసారి దగ్గరగా చూద్దాం. నొటేషన్ రాకపోయినా ఫరవాలేదు.

ఆ సింఫనీ కాగితం మీద మొదట కనిపించేది స్వరం కాదు, చిన్న విరామం. కండక్టర్ చెయ్యి ఆ నిశ్శబ్దం మీద దిగాలి, ఆ వెంటనే తీగవాద్యాలూ క్లారినెట్లూ ఒక్క దెబ్బగా దూకాలి. మూడు పొట్టి స్వరాలు, ఒక పొడుగు స్వరం. పొడుగు స్వరం మీద బీథోవెన్ ‘నిలపండి’ అని గుర్తు పెట్టాడు, ఎంతసేపో చెప్పలేదు. మళ్లీ అదే మాట కింది స్థాయిలో. ఈసారి పొడుగు స్వరానికి ఇంకొక కొలత (తాళంలో ఒక ఆవర్తం లాంటిది) అదనంగా కలిపాడు, అంటే రెండోది మొదటిదానికంటే ఎక్కువసేపు నిలవాలి. ఆ నిలుపు దగ్గరే ఒక్కొక్క కండక్టర్ స్వభావం బయటపడుతుంది. కొందరు అక్కడ గుమ్మంలో నిలబడి ఉపన్యాసం ఇస్తారు. క్లైబర్ ఇవ్వడు, లోపలికి వచ్చేస్తాడు. ఆ ఊపు ఎక్కడా సడలదు. మొదటి భాగం మొత్తం ఏడు నిమిషాల ఇరవై సెకన్ల ప్రాంతంలో ముగుస్తుంది.

ఇంకొకటి. నువ్వు రైల్లో ఇయర్‌ఫోన్స్‌తో విన్నానన్నావు. క్లైబర్ మొదటి వయొలిన్లను ఎడమవైపు, రెండో వయొలిన్లను కుడివైపు ఎదురెదురుగా కూర్చోబెట్టేవాడు. ఆ మొదటి నిలుపుల తర్వాత మెల్లగా మాట అందుకునేది రెండో వయొలిన్లు, వాటి నుంచి వయోలాలు (వయొలిన్ కంటే కాస్త పెద్దవి, గొంతు తగ్గు), అక్కడి నుంచి మొదటి వయొలిన్లు. నీ కుడి చెవి దగ్గర పుట్టిన గుసగుస తల మధ్యలోంచి ఎడమ చెవికి పాకుతుంది. స్టేషన్ దాటిపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇక మూడో భాగం చివర. అందరూ ఈ రికార్డింగ్‌కి దాసోహం అనేది ఇక్కడే. తీగవాద్యాలు ఊపిరి బిగబట్టినట్టు ఒక స్వరాన్ని పట్టుకుని ఉంటాయి. వాటి కింద టింపనీ అనే నగారా మీద కర్ర మెత్తగా తడుతూనే ఉంటుంది. వయొలిన్లు దారి వెతుక్కుంటున్నట్టు ఒక్కో మెట్టూ ఎక్కుతాయి. చివరి కొద్ది కొలతల్లో ఉప్పెనలా పెరిగి, ఆగకుండానే నాలుగో భాగంలోకి పడిపోతుంది. పొద్దున్నే దుకాణం షట్టర్ ఒక్కసారి పైకెత్తితే వెలుగు వచ్చి పడినట్టు ఉంటుంది. క్లైబర్ ఆ పెరుగుదలను చివరి క్షణం దాకా దాచిపెడతాడు. ముందే కొంచెం కొంచెం ఖర్చు చేసేవాళ్ల దగ్గర ఈ వెలుగు ఇంత కొట్టొచ్చినట్టు పడదు.

ఈ రికార్డింగ్ 1974 మార్చి, ఏప్రిల్ నెలల్లో వియన్నా మూజిక్‌ఫెరైన్ హాల్లో, శ్రోతలు లేకుండా, డాయిచె గ్రామఫోన్ కంపెనీ కోసం జరిగింది. మరుసటి ఏడాది ఎల్‌పీగా వచ్చింది. రెండు వైపులా కలిపి ఐదో సింఫనీ ఒక్కటే, 33 నిమిషాల ప్రాంతం. స్టూడియో రికార్డింగ్ అంటే, నచ్చకపోతే మళ్లీ వాయించవచ్చు, బాగా వచ్చినవి కలుపుకోవచ్చు. మైకులు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. ఒక్క రాత్రి, ఒకే ఒక్కసారి, దగ్గుతున్న జనం మధ్య వాయించేవాళ్లని దీంతో పోల్చడం వాళ్లకు అన్యాయం. నీ కచేరీ బాధలో సగం ఇక్కడే తీరిపోవాలి.

మిగతా సగానికి మందు క్లైబర్ జీవితంలోనే ఉంది. నాకు నీ ఉత్తరం చదవగానే గుర్తొచ్చింది అదే.

క్లైబర్ 1930లో బెర్లిన్‌లో పుట్టాడు. తండ్రి ఎరిక్ క్లైబర్ అప్పటికే బెర్లిన్ స్టేట్ ఒపేరాను నడుపుతున్న గొప్ప కండక్టర్. నాజీలు కొత్త సంగీతం మీద కక్ష కట్టినప్పుడు ఆయన ఆ పదవికి రాజీనామా ఇచ్చి దేశం వదిలేశాడు. కుటుంబం చివరికి అర్జెంటీనా చేరింది. కార్ల్ అన్న పిల్లవాడు అక్కడ కార్లోస్ అయ్యాడు. కొడుకు సంగీతంలోకి రావడం తండ్రికి ఇష్టం లేదు. జ్యూరిక్‌లో కెమిస్ట్రీ చదవడానికి పంపారు. అది నిలవలేదు. జర్మనీలో మొదటిసారి ఆర్కెస్ట్రా ముందు నిలబడినప్పుడు, తండ్రి పేరు నీడ పడకూడదని కార్ల్ కెల్లర్ అనే మారుపేరు పెట్టుకున్నాడు. తండ్రి 1956లో పోయాడు, కొడుక్కి అప్పుడు 25 ఏళ్లు. ఆ తర్వాత జీవితమంతా కార్లోస్ వాయించింది ఎక్కువగా తండ్రి వాయించిన రచనలే. తండ్రి గుర్తులు పెట్టుకున్న స్కోర్లనే (నొటేషన్ పుస్తకాలనే) ముందు పెట్టుకుని పనిచేశాడు.

ఆ తండ్రి 1953లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, కన్సర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రాతో, డెక్కా కంపెనీకి ఇదే ఐదో సింఫనీ రికార్డు చేశాడు. తమ్ముడూ, నీకు దాటరానిదిగా కనిపిస్తున్న రికార్డు చేసిన మనిషికే ముందు ఒక దాటరాని రికార్డు ఉంది. అదీ సొంత ఇంట్లో. అతను దాన్ని చెవిలోంచి తుడిచేయలేదు, దాని పక్కనే నిలబడి తనది చేశాడు.

కాబట్టి నువ్వు తర్వాత వినాల్సింది ఎరిక్ క్లైబర్. మోనో రికార్డింగ్ (రెండు చెవులకూ ఒకటే వినిపిస్తుంది), శబ్దం కొంచెం పొడిగా ఉంటుంది, రెండు నిమిషాల్లో అలవాటైపోతుంది. అదే బిగువు, అదే ముందుకు తోసుకుపోయే నడక, కానీ నేల వేరు. నీకు తప్పుగా వినిపించదని నా నమ్మకం. తండ్రి గొంతులో కొడుకు గొంతు పోల్చుకున్నట్టు ఉంటుంది. ఈ పోలికకు ఇంకొక ఆనవాలు నీ దగ్గరే ఉండి ఉంటుంది. ఇప్పుడు దొరికే సీడీలోనూ యాప్‌లలోనూ కార్లోస్ ఐదో సింఫనీకి జంటగా ఏడో సింఫనీ ఉంటుంది. అది కూడా వియన్నాలోనే, 1975 చివర్లో, 1976 మొదట్లో చేసింది. దాని రెండో భాగం చివరి క్షణాలు విను. వయొలిన్లు విల్లుతో ముగించాలని అచ్చు స్కోర్లలో ఉంటుంది, మామూలుగా అందరూ అలాగే చేస్తారు. కార్లోస్ మాత్రం చివరిదాకా తీగను వేలితో మీటిస్తాడు. తండ్రి కూడా అలాగే చేయించేవాడు. ఆ నాలుగు చుక్కలు రాలినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఆ తర్వాత దూరం వెళ్లు, ఇంకో ఇద్దరు కండక్టర్ల దగ్గరికి. ఫుర్ట్‌వెంగ్లర్ 1947 మే నెలలో బెర్లిన్‌లో వాయించిన ఐదో సింఫనీ దొరుకుతుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, నాజీల కాలంలో తన పాత్ర మీద విచారణలు ముగిశాక, ఆయన తన బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ముందుకు తిరిగి వచ్చిన రోజులవి. ఊరు శిథిలాల్లో ఉంది. ఆయన ఆ మొదటి నిలుపుల్ని బరువుగా, చాలాసేపు నిలబెడతాడు. వేగం మధ్యమధ్యలో సాగుతుంది, తగ్గుతుంది. మొదటిసారి నీకు చిరాకు రావచ్చు. అప్పుడు ఆపేయకు. ఇంకోవైపు జాన్ ఎలియట్ గార్డినర్ 1994లో విడుదల చేసినది ఉంది. బీథోవెన్ కాలం నాటి తరహా వాద్యాలు, పేగు తీగల వయొలిన్లు, మీటలు లేని ఇత్తడి హార్న్‌లు. శబ్దం సన్నగా, గరుకుగా, పదునుగా ఉంటుంది. బీథోవెన్ 1817లో తన సింఫనీలకు మెట్రోనోమ్ లెక్కలు (నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పే వేగం గుర్తులు) అచ్చు వేయించాడు. చాలామంది ఆ లెక్కలు మరీ వేగమని పక్కన పెట్టారు, గార్డినర్ వాటిని గట్టిగా పట్టుకున్నాడు.

అయితే వీటన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా వినమని చెప్పను. అలా వింటే నీ చెవి ప్రతి క్షణం క్లైబర్‌ని పక్కన నడిపిస్తూనే ఉంటుంది, తగాదా తప్పదు. ఒక్క చోటు పట్టుకో. మొదటి భాగంలో సగం దాటాక ఆ నాలుగు స్వరాలు మళ్లీ పెద్దగా వస్తాయి. వచ్చిన కాసేపటికి ఆర్కెస్ట్రా అంతా ఆగిపోతుంది. ఒక్క ఓబో (సన్నాయి జాతి ఊదే వాద్యం) మాత్రం, ఎవరూ లేని గదిలో తనలో తాను అనుకున్నట్టు, రెండు ముక్కలు పాడుతుంది. కొద్ది సెకన్లే. అంత రణగొణ మధ్యలో బీథోవెన్ అక్కడ ఒక మనిషిని ఒంటరిగా నిలబెట్టాడు. నలుగురి రికార్డింగుల్లో ఆ కొద్ది సెకన్లే తీసి వరుసగా విను. వియన్నా వాళ్ల ఓబో తయారీ కూడా వేరు, మిగతా ప్రపంచం వాడే ఓబో కాదది, గొంతులోనే తేడా తెలుస్తుంది. ఇంత చిన్న చోట ఎవరు తప్పు, ఎవరు ఒప్పు అని తోచదు. నలుగురు మనుషులు వినిపిస్తారు, అంతే.

ఓబో అయ్యాక కొంచెం ముందుకు వెళ్తే ఇంకో సంగతి ఉంది. మొదటి భాగం మొదట్లో హార్న్‌లు ధాటిగా పిలిచిన పిలుపు రెండోసారి వచ్చేటప్పుడు బీథోవెన్ దాన్ని బసూన్లకు (చెక్కతో చేసిన, మంద్రంగా పలికే ఊదే వాద్యాలకు) రాశాడు. ఆ కాలపు హార్న్‌కి ఆ స్థాయిలో ఆ స్వరాలు సరిగా పలికేవి కావు. తర్వాతి కాలంలో హార్న్‌లు మెరుగయ్యాయి కాబట్టి చాలామంది కండక్టర్లు దాన్ని మళ్లీ హార్న్‌లకే ఇచ్చేస్తారు. కొందరు రాసినట్టే ఉంచుతారు. నీ క్లైబర్ ఏం చేశాడు? చెప్పను, నువ్వే విని నాకు రాయి. స్వరాలు తెలియవన్నావు కదా. దీనికి స్వరాలు తెలియక్కర్లేదు, ఒకటి ఇత్తడి గొంతు, ఒకటి చెక్క గొంతు.

మన కర్ణాటక సంగీతంలో ఒకే కృతికి ఒక్కో గురుపరంపరలో ఒక్కో పాఠాంతరం ఉంటుందని పెద్దవాళ్లు చెబుతుంటారు, సంగతులే మారిపోతాయి. ఈ పాశ్చాత్య సంగీతంలో స్వరాలు ఇంచుమించు అందరికీ ఒకటే. తేడా అంతా ఎంతసేపు, ఎంత గట్టిగా, ఎవరి గొంతు ముందుకు రావాలి అన్నదాంట్లో ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ తేడాలు తప్పుల్లా వినిపించడం సహజం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ ఆఫీసు పెద్దాయన మాటకి వస్తాను. పేరు పెద్దదన్నారు, నిజమే. క్లైబర్ చాలా తక్కువ రికార్డులు చేశాడు, కచేరీలు ఒప్పుకోవడం తక్కువ, ఒప్పుకున్నవి మానేయడం ఎక్కువ. ఇంటర్వ్యూలు దాదాపు ఇవ్వలేదు. భార్య పోయిన కొన్ని నెలలకే, 2004లో స్లొవేనియాలో చనిపోయాడు, ఆమె పక్కనే ఖననం చేశారు. ఇలాంటి జీవితం చుట్టూ కథలు అల్లుకుంటాయి, ఆ కథలు మన వినికిడిలోకి కూడా దూరుతాయి. అంతవరకు ఆయనతో ఒప్పుకుంటాను. కానీ కొత్తవాళ్ల రికార్డు అనడం ఒప్పుకోను. 2011లో బీబీసీ మ్యూజిక్ మ్యాగజైన్ వందమంది కండక్టర్లను, మీకు అందరిలోకి గొప్ప కండక్టర్ ఎవరని అడిగితే మొదటి స్థానం క్లైబర్‌కే వచ్చింది. ఆ వందమందీ కొత్తవాళ్లు కారు. ఇదంతా ఆయనతో వాదించడానికి చెప్పడం లేదు. ఆ రికార్డింగ్ నీకు పంపిన చెయ్యి ఆయనదే. బహుశా తను మొదట విన్న రోజు ఆయనకీ గుర్తుండే ఉంటుంది, ఒకసారి అడిగి చూడు.

దాటి రావడం అన్న మాట నాకు నచ్చలేదు. ఈ ప్రేమ మెట్టు కాదు. నువ్వు వందమందిని విన్నాక మళ్లీ దీని దగ్గరికే వచ్చినా తప్పులేదు. అప్పుడు నీకు ఇందులో ఇంకా ఎక్కువ వినిపిస్తుంది, ఎందుకంటే క్లైబర్ ఏం వదిలేశాడో కూడా అప్పటికి తెలుస్తుంది.

కచేరీ హాలు విషయం మిగిలింది. మరదలికి ఆ రోజు నీకంటే ఎక్కువ ఎందుకు నచ్చింది? తను కళ్లు తెరుచుకుని కూర్చుంది కాబట్టి అని నా అనుమానం. ఈ సింఫనీలో రికార్డింగ్ ఎప్పటికీ చూపించలేనిది ఒకటుంది. ట్రాంబోన్ అనే పొడవైన ఇత్తడి వాద్యం వాయించే ముగ్గురు స్టేజీ మీద వెనక కూర్చుని ఉంటారు. మొదటి మూడు భాగాల్లో వాళ్లకు ఒక్క స్వరం కూడా లేదు. ఇరవై నిమిషాలకు పైగా వాద్యం ఒళ్లో పెట్టుకుని, తోటివాళ్లు చెమటోడుస్తుంటే చూస్తూ కూర్చుంటారు. టింపనీ మెత్తగా తడుతున్నప్పుడు, నేను చెప్పిన ఆ మసకలో, వాళ్లు మెల్లగా నిటారుగా కూర్చుంటారు. వాద్యం పైకి లేస్తుంది. పెదవులు సర్దుకుంటారు. నాలుగో భాగం మొదటి దెబ్బకి ఊదేస్తారు. బీథోవెన్ తన సింఫనీల్లో ట్రాంబోన్లు వాడడం అదే మొదలు. పికొలో (చిన్న ఫ్లూట్), కాంట్రాబసూన్ (బసూన్ కంటే ఇంకా మంద్రంగా పలికేది) కూడా ఆ నిమిషంలోనే మొదటిసారి నోరు విప్పుతాయి. రికార్డింగ్‌లో నువ్వు విన్న ఆ వెలుగులో ఎంత భాగం ఇంతసేపు ఎదురుచూసిన ఈ కొద్దిమంది ఊపిరో, ఎదురుగా చూస్తే గాని తెలియదు.

నువ్వుండేది మ్యూనిక్ కాబట్టి ఇంకొక్క మాట. 1982 మే 3న మీ ఊరి నాషనల్‌థియేటర్‌లో, అంతకు ముందు ఏడాది చనిపోయిన కండక్టర్ కార్ల్ బోమ్ జ్ఞాపకార్థం క్లైబర్ ఒక కచేరీ చేశాడు. అందులో బవేరియన్ స్టేట్ ఆర్కెస్ట్రాతో వాయించిన బీథోవెన్ నాలుగో సింఫనీ రికార్డుగా వచ్చింది. జనం ముందు, ఒక్క రాత్రి వాయించింది. అంచులు నున్నగా ఉండవు, ఆర్కెస్ట్రా కొన్నిచోట్ల ఊపిరాడక పరిగెడుతున్నట్టుంటుంది, కానీ ఆ వేడి చూడు. దాన్ని ఇంట్లో స్పీకర్ల మీద పెట్టి ఇద్దరూ కలిసి వినండి. ఇయర్‌ఫోన్స్ వద్దు.

తర్వాత మళ్లీ ఎప్పుడైనా ఐదో సింఫనీ కచేరీకి టికెట్లు దొరికితే, స్టేజీ వెనక వరుస బాగా కనిపించే బాల్కనీ సీట్లు తీసుకో. ముందు వారం రోజులు క్లైబర్‌ని వినకు. మూడో భాగం మొదలయ్యాక ట్రాంబోన్ల వైపు చూడమని మరదలికి చెప్పు. నువ్వూ అటే చూడు.